పాలు పడ్డాయా?

బాలింతను చూడడానికి వచ్చిన అమ్మలక్కలు గడప దాటగానే అడిగే మొదటి మాట "పాలు పడ్డాయా?" అని. పడ్డాయంటే "అదృష్టవంతురాలివి" అంటారు. ఇంకా పడలేదంటే తల్లి వంక జాలిగా చూసి, బిడ్డ వంక ఇంకా జాలిగా చూసి, తలా ఒక సలహా చెప్పి పోతారు. ఒకరు ఆవుపాలంటారు, ఒకరు మేకపాలంటారు, ఇంకొకరు డబ్బా తెప్పించమంటారు. పాపం, ఆ తల్లి పచ్చి ఒంటితో మంచం మీద కూర్చుని లోపమంతా తనలోనే ఉందనుకుంటుంది.

అమ్మలక్కలు అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కాన్పయిన గంటలోపల బిడ్డను నీ రొమ్ము దగ్గర పెట్టారా? రాత్రి బిడ్డ నీ పక్కలోనే ఉందా, వేరే గదిలో పెట్టారా? ఇంటిపని ఎవరు చేస్తున్నారు? మళ్ళీ పనిలోకి ఎప్పుడు పోవాలి? అక్కడ బిడ్డను దగ్గర ఉంచుకోనిస్తారా? పాలు పడడం, పడిన పాలు నిలవడం చాలావరకు ఈ ప్రశ్నల జవాబుల మీదే ఆధారపడి ఉన్నది. అందుచేత ఈ చిన్న పుస్తకం తల్లి ఒక్కతె కోసం రాసినది కాదు. అత్తగారు, భర్త, ఆసుపత్రిలో పనిచేసేవారు, ఫ్యాక్టరీ యజమాని, కూలీలను పిలుచుకుపోయే మేస్త్రి, అందరూ చదువవలెను. చదువు రానివారికి చదివి వినిపించవలెను.

పాలు ఎలా ఊరుతాయి?

తల్లిపాలు కుండలో నింపిపెట్టిన నీళ్ళవంటివి కావు. చెలమలో ఊటవంటివి. తోడినకొద్దీ ఊరుతాయి, తోడడం మానితే ఇంకిపోతాయి. బిడ్డ రొమ్ము చీకినప్పుడు తల్లి మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుంచి రెండు రసాలు రక్తంలో కలుస్తాయి. ఒకటి ప్రొలాక్టిన్. ఇది పాలను తయారుచేయిస్తుంది. రాత్రిపూట ఎక్కువగా వస్తుంది కనుక రాత్రి పాలు మాన్పిస్తే పగటిపాలు కూడా తగ్గుతాయి. రెండవది ఆక్సిటోసిన్. ఇది తయారైన పాలను బయటికి తెస్తుంది. మన పెద్దవాళ్ళు 'చేపు' అనేది దీనినే. బిడ్డ ఏడుపు వినగానే పాలు చేపుకు వచ్చి రవిక తడిసిపోవడం తల్లులకు అనుభవమే.

భయం, నొప్పి, అవమానం, దిగులు ఉన్నప్పుడు ఈ చేపు సరిగా రాదు. పాలుండి కూడా బిడ్డ నోటికి అందవు. పాడి ఉన్న ఇంటివారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కొత్త మనిషి పిండడానికి కూర్చుంటే గేదె చేపదు. అందుకని ముందు దూడను వదిలి, గేదె ఒళ్ళు నిమిరి, తర్వాత చెంబు పట్టుకుంటారు. గేదె దగ్గర చూపించిన ఓపిక ఇంట్లో బాలింత దగ్గర ఎందుకు చూపించరో నాకు తెలియదు. "నీకు పాలు లేవు" అని పదిమంది పదిసార్లు అంటే ఉన్న పాలు కూడా రావు.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, కొంచెం పసుపుపచ్చగా ఉంటాయి. ఇవి చెడ్డపాలని పిండి పారబోసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నది. ఇది చాలా పొరపాటు. రోగాలను ఎదిరించే శక్తి ఈ పాలలోనే ఎక్కువ. ఇవి కొంచెమే వస్తాయి, బిడ్డకు కావలసింది కూడా కొంచెమే. మొదటి రోజు పూటకు ఒక చెంచాడు చాలు. కనుక తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, గాడిదపాలు, ఇవేవీ నాకించరాదు. మూడోనాటికో నాలుగోనాటికో పాలు దండిగా పడతాయి.

బిడ్డ ఏడ్చినంత మాత్రాన పాలు చాలలేదని కాదు. తడిసినా ఏడుస్తుంది, ఉక్కపోసినా ఏడుస్తుంది, ఊరికే ఎత్తుకోమని కూడా ఏడుస్తుంది. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకు మించి మూత్రం పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు కూడా అక్కరలేదు. రామగుండం ఎండల్లోనైనా, రెంటచింతల ఎండల్లోనైనా అక్కరలేదు. తల్లిపాలలోనే కావలసినంత నీరున్నది. దాహం వేసేది తల్లికి, ఆమెకు నీళ్ళివ్వండి.

ఆ మొదటి గంట ఎక్కడ పోతున్నది?

2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు ఒకసారి చూడండి. తెలంగాణలో నూటికి 97 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా ఆసుపత్రులలోనే జరిగాయి. చీకటి గదిలో, కొడవలితో బొడ్డు కోసే రోజులు పోయాయి. సంతోషమే. కాని పుట్టిన గంటలోపల తల్లిపాలు తాగిన బిడ్డలు తెలంగాణలో నూటికి 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 52 మంది మాత్రమే. దాదాపు అందరూ ఆసుపత్రికే వెళ్ళారు. డాక్టరు ఉన్నారు, నర్సు ఉన్నారు, ఆయా ఉన్నది. మరి ఆ గంట ఎక్కడ పోయింది?

ఎక్కడ పోతున్నదో వార్డులో నిలబడి చూస్తే తెలుస్తుంది. బిడ్డ పుట్టగానే తుడవడానికి ఒక బల్ల, తూచడానికి ఒక బల్ల. తర్వాత బయట కూర్చున్న నాయనమ్మ చేతికి, అక్కడినుంచి చిన్నాన్న సెల్‌ఫోను ముందుకు. తల్లికి కుట్లు వేస్తుంటారు. వార్డుకు మార్చేసరికి రెండు గంటలు, ఆపరేషన్ అయితే సగం రోజు. ఈలోగా బిడ్డ ఏడుస్తుంది, ఎవరో ఒకరు పరుగెత్తి డబ్బా తెస్తారు. ఇందులో ఎవరికీ చెడు తలంపు లేదు. ఎవరి పని వారు చేశారు. తల్లినీ బిడ్డనూ ఒకచోట చేర్చడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది.

అదే సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్ కాన్పులు. దేశం మొత్తం మీద ఇవి నూటికి 21 మాత్రమే. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ, అదీ జరగవలసిందే. ఇక్కడ చెప్పవలసింది ఒకటి. ఆపరేషన్ అయితే పాలు పట్టకూడదనే నియమం ఏదీ లేదు. నడుముకు మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్‌లో తల్లి తెలివిగానే ఉంటుంది. బల్ల మీద ఉండగానే బిడ్డను ఆమె గుండెల మీద పెట్టవచ్చు. తల్లి కదలలేదు కనుక పక్కన ఒక మనిషి ఉండి బిడ్డను పట్టుకోవాలి. పూర్తి మత్తు ఇచ్చినట్లయితే ఆమెకు తెలివి వచ్చిన వెంటనే పట్టవచ్చు. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకునిగాని, బిడ్డ కాళ్ళు తల్లి చంక కిందుగా వెనక్కి పోయేటట్టు పెట్టిగాని పాలు పట్టించవచ్చు.

మా కేంద్రానికి ఒక తల్లి వచ్చింది. ఆపరేషన్ కాన్పు, ఇరవయ్యో రోజు. పట్నంలో ఒక ఆసుపత్రిలో మూడు రోజులు బిడ్డను వేరుగా పెట్టి, ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతోపాటు ఒక డబ్బా పేరు కూడా రాసి ఇచ్చారట. డబ్బా ఖరీదుకు జడిసి వారం రోజుల నుంచి పొడి తగ్గించి నీళ్ళు ఎక్కువ కలుపుతున్నారు. బిడ్డ పుట్టినప్పటికంటె తక్కువ తూగింది. "నాకు పాలు లేవండీ" అన్నది తల్లి తలెత్తకుండా. బిడ్డను ఆమె ఒళ్ళో సరిగ్గా పెట్టి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లని వలయం కూడా నోట్లోకి పోయేటట్టు పట్టించాము. రెండు గంటలకొకసారి, రాత్రులు కూడా పట్టమన్నాము. ఆమె అత్తగారిని పిలిచి వంట, నీళ్ళు, బట్టలు పదిహేను రోజులు మీరే చూసుకోండి అన్నాము. అత్తగారు మొదట మొహం గంటు పెట్టుకున్నది, తర్వాత ఒప్పుకున్నది. బిడ్డ బరువు చూస్తూ డబ్బాపాలు కొద్దికొద్దిగా తగ్గించాము, ఒక్కసారిగా మాన్పించలేదు. నెల తిరిగేసరికి డబ్బా అవసరం తీరింది. ఆ ఇంట్లో పాలు పడడానికి మేము చెప్పింది ఎంతో, అత్తగారు వంటింట్లోకి పోవడమూ అంతే.

ఆసుపత్రి తన పద్ధతి మార్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉన్నది. ఫిలిప్పైన్స్ దేశంలో బాగియో అనే కొండ పట్టణం. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరు నటివిడాడ్ క్లావనో. ఆ రోజుల్లో అన్నిచోట్లా ఉన్నట్టే అక్కడా పుట్టిన పిల్లలను తల్లుల నుంచి వేరుచేసి గాజు గదిలో పెట్టి సీసాపాలు పోసేవారు. 1970ల మధ్యలో ఆమె ఆ పద్ధతి మాన్పించింది. బిడ్డలను తల్లుల పక్కలోకి చేర్చింది. పాలడబ్బాల కంపెనీల మనుషులను, వారి బొమ్మలను, క్యాలెండర్లను బయటికి పంపించింది. వేలాది బిడ్డల లెక్కలు రాసిపెట్టింది. చీము జబ్బులు, విరేచనాలు, చావులు బాగా తగ్గినట్లు ఆ లెక్కలు చూపాయి. తల్లులు ఆ ఊరి తల్లులే. మారింది ఆసుపత్రి. 1992లో ఆ దేశం తల్లినీ బిడ్డనూ ఒకచోట ఉంచవలెనని చట్టమే చేసింది.

1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఆసుపత్రులు పాటించవలసిన పది మెట్లు ప్రకటించాయి. 1991లో వాటిని పాటించే ఆసుపత్రులను 'శిశుమిత్ర ఆసుపత్రులు'గా గుర్తించే పని మొదలైంది. మన దేశంలో 2016 ఆగస్టులో 'మా' అనే పేరుతో కార్యక్రమం పెట్టి నర్సులకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వసాగారు. గోడ మీద పది మెట్ల బోర్డు వేలాడదీయడం సులభం. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడ్చినప్పుడు వచ్చి పట్టించే నర్సు ఉండడం కష్టం. వార్డుకు ఒకే ఒక్క నర్సు ఉంటే ఆమె మాత్రం ఏం చేయగలదు? ఈ సంగతి పైవారు ఆలోచించవలెను.

కాన్పుకు చేరేటప్పుడే ఇంటివారు ఈ మాటలు అడిగి ఉంచుకోండి: బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి గుండెల మీద పెడతారా? తల్లితో ఒక ఆడమనిషిని ఉండనిస్తారా? మాకు చెప్పకుండా పోతపాలు పట్టరు కదా? మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడినా అడగవలసిందే. మొదటి రోజు స్నానం పోయనక్కరలేదు, అది మర్నాటికి వాయిదా వేయండి.

డబ్బా మీద బొద్దుపాప ఏమైంది?

ఇప్పుడు అమ్మమ్మలైనవారికి గుర్తుండే ఉంటుంది. పాలడబ్బా మీద బుగ్గలు ఉబ్బిన తెల్లటి పాప బొమ్మ ఉండేది. ఆ బొమ్మ చూసి, మన బిడ్డ నల్లగా సన్నగా ఉన్నదని బాధపడి, ఉన్న పాలు మాన్పించి డబ్బా పట్టిన తల్లులున్నారు. పొడి ఖరీదని నీళ్ళు ఎక్కువ, సీసా కడగడానికి మంచినీళ్ళు లేవు, పీక మీద ఈగలు. ఎన్ని బిడ్డలు విరేచనాలతో పోయారో!

1981 మేలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఇటువంటి అమ్మకాలకు పగ్గం వేస్తూ ఒక నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్కటి, అది అమెరికాది. మన ప్రభుత్వం 1983లో జాతీయ నియమావళి తయారుచేసింది. నియమావళి అంటే చెప్పిచూడడమే. చెప్పినంతలో వినేవారు తక్కువ కనుక 1992లో చట్టమే చేశారు. 1993 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దానిని ఇంకా బిగించారు. ఆ చట్టం ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి, డబ్బా ఆహారానికి, పాలసీసాకు ప్రకటన చేయరాదు. డబ్బా మీద తల్లి బొమ్మ గాని, బిడ్డ బొమ్మ గాని వేయరాదు. ఉచితంగా నమూనా డబ్బాలు పంచరాదు. ఆసుపత్రిలో వాటి పోస్టర్లు పెట్టరాదు. డాక్టర్లకు, నర్సులకు, వారి సంఘాల సభలకు కంపెనీలు బహుమతులు గాని, డబ్బు గాని ఇవ్వరాదు. తప్పితే మూడు సంవత్సరాల దాకా జైలు శిక్ష ఉన్నది.

బొద్దుపాప బొమ్మ అలా పోయింది. ప్రకటన మాత్రం వేషం మార్చి తిరుగుతూనే ఉన్నది. ఇప్పుడది గోడ మీద కాదు, తల్లి చేతిలోని సెల్‌ఫోనులో కనిపిస్తుంది. ఎవరో తల్లి తన అనుభవం చెప్పినట్టుగా ఉంటుంది, చివర డబ్బా పేరు వస్తుంది. అదీ ప్రకటనే అని తెలుసుకోండి. ఆసుపత్రిలో ఎవరైనా నమూనా డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి చీటీ రాయండి.

నిజంగానే డబ్బాపాలు తప్పని బిడ్డలు కొందరుంటారు. తల్లి లేని బిడ్డలు, తల్లి కొన్నిరకాల మందులు వాడుతున్న బిడ్డలు. వారికి డాక్టరు చెప్పిన కొలత ప్రకారం, ఉగ్గుగిన్నెతో పట్టవలెను. ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులూ కొద్దిమంది ఉంటారు. వారిని ఒక్క మాట కూడా అనరాదు. నెలలు నిండని బలహీనపు బిడ్డలకు ఇతర తల్లుల పాలను శుద్ధిచేసి పట్టే పాలనిధులు కూడా ఉన్నాయి. ఆసియాలో మొదటిది 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టింది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' పేరుతో అటువంటిది వెలిసింది.

పనికి పోయే తల్లి

ఇక అసలు చిక్కు ఇక్కడున్నది. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని మేము చెబుతాము. నెలన్నరకే పనికి రమ్మని కడుపు చెబుతుంది. ఇద్దరి మాటా ఒక్క తల్లి ఎలా వింటుంది?

పనిచేసే ఆడవారి ఈ కష్టం కొత్తగా కనిపెట్టింది కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశంలోనే, పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట విరామం ఇవ్వవలెనని తీర్మానించారు. మన దేశంలో 1929లో బొంబాయిలో మొదటి ప్రసూతి చట్టం వచ్చింది. అంతకుముందు సంవత్సరం శాసనమండలిలో అంబేడ్కర్ దానిని సమర్థించి మాట్లాడారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1934 నాటి చట్టం చేశారు. దేశమంతటికీ కలిపి 1961లో వచ్చిన చట్టం 12 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. 2017లో దానిని 26 వారాలు చేశారు. 26 వారాలంటే ఆరు నెలలు. అంటే కాన్పుకు ముందు సెలవు వాడుకోకపోతే బిడ్డ తల్లిపాలతోనే ఉండవలసిన కాలానికి సరిగ్గా సరిపోయింది.

ఇద్దరు పిల్లలున్న తర్వాత మళ్ళీ కాన్పయితే సెలవు 12 వారాలే. ఇద్దరితో ఆపమని చెప్పడం మాకూ ఇష్టమే, ఈ పుస్తకం పనే అది. అయితే మూడవ బిడ్డ ఆకలి మొదటి బిడ్డ ఆకలి కంటె తక్కువేమీ కాదని కూడా చెప్పక తప్పదు.

సెలవు అయిపోయి పనిలో చేరిన తర్వాత కూడా హక్కులున్నాయి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాకుండా, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వవలెను. 50 మంది, ఆపైన పనిచేసేచోట శిశుగృహం ఉండవలెను. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి పోయి రావచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ హక్కులన్నీ చేర్చారు. ప్రసూతి సెలవులో ఉండగా ఆమెను ఉద్యోగం నుంచి తీసివేయరాదు. అడగడానికి సిగ్గుపడకండి, ఒక్కరే అడగలేకపోతే నలుగురు కలిసి అడగండి. యజమానులకు ఒక మాట. పెద్ద మేడ అక్కరలేదు. తలుపు, గడియ, ఒక కుర్చీ, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఉన్న గది చాలు. మరుగుదొడ్డిలో కూర్చుని పాలు పిండుకోవలసిన స్థితి ఏ తల్లికీ రాకూడదు. మీరు అక్కడ కూర్చుని అన్నం తింటారా?

బిడ్డను వెంట తీసుకుపోలేని తల్లి పాలు పిండి పెట్టిపోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత ఉన్న స్టీలుగిన్నె నీళ్ళలో మరిగించి ఆరబెట్టుకోవాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో రొమ్మును కాసేపు కాపుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు నల్లని వలయం అంచున పెట్టి, ముందు వెనక్కి ఎదురురొమ్ము వైపుకు నొక్కి, తర్వాత రెండు వేళ్ళూ కలిపి నొక్కాలి. మొదట రెండు చుక్కలే వస్తాయి. నిరాశపడవద్దు. బిడ్డను తలుచుకోండి, చేపు వస్తుంది. ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. ఆ పాలు మన ఎండల్లో గది వేడికి 4 గంటల దాకా, ఫ్రిజ్‌లో అయితే 24 గంటల దాకా ఉంటాయి. కాచరాదు. చల్లగా ఉంటే గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. ఇంట్లో నాయనమ్మ ఉగ్గుగిన్నెతో పట్టవలెను. మూల పడేసిన ఆ వెండి ఉగ్గుగిన్నెనో, ఇత్తడిదో స్టీలుదో, దాన్ని మళ్ళీ వెతికి తీయండి. సీసా కంటె అది వేయి రెట్లు మేలు. కడగడం తేలిక, పీక లేదు కనుక బిడ్డ రొమ్ము పట్టడం మరిచిపోదు.

పని మధ్యలో కూడా ఒకటి రెండుసార్లు పిండవలెను. లేకపోతే రొమ్ములు గడ్డకట్టి నొప్పి చేస్తాయి, ఊట తగ్గుతుంది.

ఈ చట్టాలన్నీ హాజరుపట్టీలో పేరున్న ఆడవారికి. గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో మిరపకాయ కోతలకు పోయే ఆమెకు, పత్తి ఏరే ఆమెకు, నాట్లు వేసే ఆమెకు, తట్టలు మోసే ఆమెకు హాజరుపట్టీ ఎక్కడిది? నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆమె ఇంట్లోనే ఉంటుంది, బిడ్డ పక్కనే ఉంటుంది. కాని కూలి వెయ్యి బీడీల లెక్క మీద. బిడ్డకు పాలు పట్టిన ప్రతి అరగంటా కూలిలో కోత. (బీడీలు చుట్టే తల్లులు పాలు పట్టే ముందు చేతులు, రొమ్ము కడుక్కుని, పొగాకు ధూళి పడిన చీర మార్చుకోవలెను. బిడ్డను పొగాకు చాటకు దూరంగా పడుకోబెట్టండి.)

వీరికోసం ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు ఉంటే వారిని చూడడానికి కూలీలలోనే ఒక ఆమెను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వవలెనని రాశారు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా సాయం అందాలన్నది. 2017 నుంచి మాతృవందన పథకం కింద మొదటి కాన్పుకు ఇస్తున్నది మాత్రం 5,000. అంగన్‌వాడీలో బాలింతలకు పౌష్టికాహారం ఉన్నది. అడిగి తీసుకోండి, అది మీ హక్కు. కాని లెక్క నిజాయితీగా వేస్తే ఆ 5,000 రూపాయలు నెల రోజుల కూలికి కూడా చాలవు. ఆరు నెలలు ఇంట్లో ఉండమని చెప్పి నెల కూలికి చాలని డబ్బు చేతిలో పెడితే, ఆ తల్లి మేము చెప్పింది వినలేదని నింద వేయడం న్యాయం కాదు.

ఊరివారు చేయగలిగింది కొంత ఉన్నది. చేనుగట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, కూలీలలో ఒక పెద్దమ్మను పిల్లల దగ్గర కూర్చోబెట్టి, ఆమె కూలి తలా కొంచెం వేసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉండేది. రైతు ఆ ఒక్క కూలి భరిస్తే మునిగిపోయేది లేదు. తల్లి రెండు గంటలకొకసారి గట్టుకు వచ్చి పాలిచ్చి పోతుంది. మేస్త్రి గడియారం చూసి గొణగకుండా ఉంటే చాలు.

బిడ్డకూ బిడ్డకూ ఎడం

"పాలు తాగే బిడ్డ ఉండగా కడుపు రాదు" అని పెద్దవాళ్ళంటారు. ఇందులో నిజముంది, మోసపోయే సందూ ఉంది. 1988లో ఇటలీలో బెలాజియోలో శాస్త్రజ్ఞులు కూర్చుని దీనికి మూడు షరతులు తేల్చారు. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. తల్లికి మళ్ళీ ముట్టు వచ్చి ఉండకూడదు. బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలే పడుతూ ఉండవలెను. మూడూ ఉంటే నూటికి 98 మందికి గర్భం రాదు. ఒక్కటి తప్పినా నమ్మకం లేదు. పనికి పోతూ పగలంతా పోతపాలు పట్టించే తల్లి దీని మీద ఆధారపడరాదు. ముట్టు మళ్ళీ రాకముందే గర్భం నిలిచి, అయిదో నెలలో గాని తెలియని తల్లులు ఎందరో మా దగ్గరికి వస్తారు.

కనుక వేరే సాధనం ముందే ఆలోచించుకోండి. కాపర్-టి కాన్పయిన రెండు రోజులలోపల ఆసుపత్రిలోనే వేయించుకోవచ్చు, పాలకు ఏ ఇబ్బందీ లేదు. ఛాయ మాత్రలు పాలిచ్చే తల్లులు వాడవచ్చు. అంతర సూది కాన్పయిన ఆరు వారాల తర్వాత మూడు నెలలకొకసారి. మాలా-ఎన్ వంటి మాత్రలు మాత్రం బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వద్దు, అవి పాలను తగ్గించవచ్చు. నిరోధ్ ఎప్పుడైనా వాడవచ్చు. ఇక పిల్లలు చాలనుకున్న ఇంట్లో భర్త వాసెక్టమీ చేయించుకుంటే బాలింత ఒంటి మీద ఇంకొక కత్తిగాటు పడదు. ఈ మాట చెప్పగానే మగవారు గుమ్మం వైపు చూస్తారు. చూసినా చెబుతూనే ఉంటాము.

ఆరు నెలలు నిండాక మెత్తని అన్నం పప్పు, గంజి, గుడ్డు, అరటిపండు మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు.

బిడ్డకు నెలన్నర నిండగానే టీకాలకు తీసుకురండి. అదే రోజు బిడ్డను తూచి, తల్లి పాలు పట్టే తీరు చూసి, ఎడం సంగతి కూడా మాట్లాడవచ్చు. చనుమొనలు పగిలినా, రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చినా టీకా రోజుదాకా ఆగనక్కరలేదు, వెంటనే రండి. రొమ్ము నొప్పిగా ఉందని పాలు మాన్పించకండి, మానితే గడ్డ ముదురుతుంది. వచ్చేటప్పుడు అత్తగారినో, అమ్మనో, ఇంటాయననో వెంట తీసుకురండి. ఉగ్గుగిన్నె ఉంటే అదీ తెచ్చుకోండి, ఎలా పట్టాలో చూపిస్తాము.